పార్కింగ్ రసీదు లింకులో లోపం: ఫిర్యాదు నుంచి డేటా తొలగింపు దాకా నా అనుభవం

పార్కింగ్‌కు డబ్బు కట్టగానే ఎస్సెమ్మెస్‌లో ఒక రసీదు లింకు వస్తుంది. తెరిస్తే బండి నంబరు, స్థలం, లోపలికి వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఫోన్ నంబరు, కార్డు చివరి నాలుగు అంకెలు అన్నీ ఒకే పేజీలో కనిపించాయి. లింకు చివర ఏడంకెల సంఖ్య ఉంది. లాగిన్ మాత్రం అడగలేదు.

కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు కట్టి ఆ సంఖ్యలు పోల్చాను. తేడా చాలా చిన్నది, అంటే వరుస నంబర్లే. ఏడంకెలంటే కోటి లోపు. సెకనుకు పది లింకులు అడిగే చిన్న ప్రోగ్రాం పన్నెండు రోజుల్లోపు అన్నిటినీ చుట్టేస్తుంది. ఆ నంబరుతో రసీదు ఉందా అని సర్వర్ చూస్తోంది గానీ, అడిగినవాళ్లు దాని సొంతదారులేనా అని చూడడం లేదు. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ ఏపీఐ (యాప్‌లు సర్వర్‌తో మాట్లాడే మార్గం) ప్రమాదాల జాబితాలో 2019లోనూ 2023లోనూ మొదటి స్థానం ఈ లోపానిదే.

ఇక్కడ ఒక అంకె మార్చి పక్కవాళ్ల రసీదు తెరవాలనిపిస్తుంది. తెరవకండి. అది వాళ్ల డేటా. పైగా ఫిర్యాదు చేసినవాళ్లే తప్పులో ఇరుక్కుంటారు. నా లింకునే లాగిన్ లేని ప్రైవేట్ విండోలో తెరిచి స్క్రీన్‌షాట్ తీశాను. రుజువుకు అది చాలు.

ఎవరికి చెప్పాలన్నదే అసలు చిక్కు. స్థలం ఒకరిది, యాప్ ఒకరిది, కెమెరాలు ఇంకొకరివి, చెల్లింపులు నడిపే పేమెంట్ గేట్‌వే వేరొకరిది. భద్రతా లోపాలు ఎవరికి తెలపాలో చెప్పే సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు సైట్‌లో ఉండాలి. దాని పద్ధతి 2022లోనే ఖరారైంది. ఇక్కడ అది లేదు. హెల్ప్‌డెస్క్‌కు రాస్తే, 'రసీదు' అన్న మాట చూసి నా రసీదునే మళ్లీ పంపి టికెట్ మూసేశారు. రెండోసారి సబ్జెక్టులో 'వ్యక్తిగత డేటా బహిర్గతం' అని పెట్టి, ప్రైవసీ పాలసీలో ఉన్న డేటా రక్షణ అధికారి ఈమెయిల్‌కు, స్థలం యజమానికి కలిపి పంపాను. చివరి అంకెలు చెరిపిన లింకు, చూసిన తేదీ, వేళ, స్క్రీన్‌షాట్ జతచేసి, ఇతరుల రసీదులు తెరవలేదని స్పష్టంగా రాశాను. అప్పుడు కదిలారు.

మొదటి సవరణ సగమే. లాగిన్ పెట్టారు గానీ, ఎవరి లాగిన్‌తోనైనా నా రసీదు తెరుచుకుంది. ఇంట్లోవాళ్ల అనుమతితో వాళ్ల ఖాతా నుంచి ప్రయత్నిస్తేనే ఇది తెలిసింది. అది సరిచేశాక కూడా, పేజీకి తాళం పడింది కానీ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చిరునామా తెరిచే ఉంది. అందుకే బాగుచేశామంటే నమ్మి వదలకుండా పేజీ, పీడీఎఫ్, యాప్‌లోని చరిత్ర మూడూ విడివిడిగా చూడాలి. లింకులో వరుస నంబరుకు బదులు ఊహించలేని 128 బిట్ల యాదృచ్ఛిక గుర్తు, లింకుకు గడువు, ప్రతి అభ్యర్థనకూ సొంతదారు తనిఖీ మూడూ ఉండాల్సిందే.

ఇంత పట్టుదల ఎందుకంటే, పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, బండి నంబరును అలా మార్చుకోలేం. 2021లో పార్క్‌మొబైల్ యాప్ నుంచి సుమారు 2.1 కోట్ల మంది వివరాలు బయటపడ్డాయి, వాటిలో బండి నంబర్లూ ఉన్నాయి. నిజమైన నంబరు, స్థలం, వేళ చేతిలో ఉంటే 'మీ పార్కింగ్ బకాయి కట్టండి' అనే మోసపు ఎస్సెమ్మెస్‌ను ఎవరైనా నమ్ముతారు.

తర్వాత నా డేటా ప్రతిని అడిగాను. జీడీపీఆర్ (ఐరోపా సమాఖ్య డేటా రక్షణ చట్టం) వర్తించే చోట 15వ అధికరణం కింద ఈ హక్కు ఉంది, సాధారణంగా నెలలోపు ఇవ్వాలి. 'నా వివరాలు పంపండి' అంటే పేరు, ఫోనే వస్తాయి. కెమెరా ఫొటోలు, రాకపోకల లాగ్, ఎవరెవరికి ఇచ్చారు, ఎంతకాలం ఉంచుతారు అని పేరుపేరునా అడగాలి. తొలగించమన్నప్పుడు, లెక్కల కోసం బిల్లులు ఉంచుతామన్నారు. దానికి ఒప్పుకున్నాను. డబ్బు చెల్లైపోయిన బండి ఫొటోలు ఉంచడానికి మాత్రం వాళ్ల దగ్గర కారణం లేదు, అవి తీసేశారు.

యాప్ తీసేస్తే ఖాతా పోదు, ఖాతాను విడిగా మూయాలి. మూశాక పాత లింకులన్నీ మళ్లీ తెరిచి చూశాను, ఏదీ తెరుచుకోలేదు. సేవ్ చేసిన కార్డు మాత్రం గేట్‌వే దగ్గర టోకెన్‌గా, అంటే కార్డు నంబరుకు బదులు వాడే గుర్తుగా, మిగిలే ఉంది. దాన్ని తీయించడానికి ఇంకో అభ్యర్థన పెట్టాల్సి వచ్చింది.