కడిగిన కారును గీతలు, మరకలు పడకుండా ఆరబెట్టడం

నాలుగేళ్ల క్రితం నల్లరంగు కారు కొని ఇంటికి తెచ్చుకున్న మూడో వారంలో, ఒక ఏప్రిల్ ఆదివారం ఉదయం పదకొండు గంటలకు, హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఎండలో నిలబెట్టి దానిని నా చేతులతోనే కడిగాను. మంచి షాంపూ వాడాను, నీళ్లకు లోటు చేయలేదు, అయితే నేను డిక్కీ వైపు నురగ కడుగుతుండగానే ముందు బానెట్ మీద నీళ్లు ఆరిపోవడం మొదలైంది. కంగారుగా ఇంట్లోంచి పాత స్నానపు తువ్వాలు తెచ్చి, మిగిలిన తడినంతా గుండ్రంగా గట్టిగా రుద్ది తుడిచేశాను. ఆ సాయంత్రం సెల్లారులో ట్యూబులైటు కింద చూసేసరికి బానెట్ నిండా పావలా బిళ్లంత తెల్లటి వలయాలు, వాటి చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపించాయి. ఈ రెండూ నేను కడిగినప్పుడు వచ్చినవి కావని, ఆరబెట్టినప్పుడు వచ్చినవని తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. కారు కడగడం గురించి చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు కానీ, ఆ చివరి పదిహేను నిమిషాల గురించి శ్రద్ధగా చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

కారు మీద మనం చూసే మెరుపు నిజానికి రంగుది కాదు, రంగు మీద వేసిన పారదర్శకమైన క్లియర్ కోట్‌ది. చాలా కార్లలో దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే మామూలుగా మన తలవెంట్రుక మందం కంటే కూడా తక్కువ. మన నేల సంగతి చూస్తే, హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నదంతా గ్రానైటు రాయి, ఆ రాయిలో పలుగురాయి దండిగా ఉంటుంది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలబద్ద మీద పలుగురాయి గట్టిదనం 7, అది కిటికీ గాజును సైతం గీయగలదు. రోడ్డు పనుల దుమ్ములోనూ, ఇసుకలోనూ కలిసి వచ్చే ఆ రేణువు ఒక్కటి తువ్వాలు పోగుల మధ్య ఇరుక్కుంటే, మనం ఎంత దూరం చెయ్యి తిప్పితే అంత దూరం అది క్లియర్ కోట్‌ను కోసుకుంటూ పోతుంది. కళ్లకు ఈ గీతలు గుండ్రంగా కనిపించడానికి కారణం మనం గుండ్రంగా తుడవడం ఒక్కటే కాదు. అన్ని దిక్కులకూ పడిన గీతల్లో దీపం చుట్టూ అడ్డంగా ఒదిగినవి మాత్రమే వెలుగును మన కంటికి తిప్పి పంపుతాయి కాబట్టి, నిటారుగా తుడిచి పడిన గీతలు కూడా దీపం చుట్టూ వలయంలాగే కనిపిస్తాయి. అందువల్ల చెయ్యి తిప్పే తీరు మార్చుకుంటే చాలదు, బట్ట కారును తాకే సందర్భాలనే తగ్గించుకోవాలి. నేను ఆ తర్వాత నేర్చుకున్నదంతా దాదాపుగా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక తెల్లటి వలయాల విషయం. నేను పెరిగింది విజయవాడలో, అక్కడ మా నాన్నగారు కృష్ణ నీళ్లతో స్కూటరు కడిగి అలాగే వదిలేసినా మరక పడినట్టు నాకు గుర్తు లేదు. ఇక్కడ మా అపార్ట్‌మెంట్‌లో వాడకానికి వచ్చేవి బోరు నీళ్లు. బాత్రూంలో కుళాయిల మూతికి, గీజరు లోపలి కాయిలుకు గార పట్టేది ఈ నీళ్ల వల్లే. వీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీటితో పాటు ఆవిరైపోవు, కారు మీదే మిగిలిపోతాయి. నీటిబొట్టు అంచుల దగ్గర ముందుగా ఆరుతుంది, లోపలి నీళ్లు తమతో పాటు లవణాలను ఆ అంచుకే తోసుకుంటూ వస్తాయి, అందుకే మరక ముద్దలా కాకుండా వలయంలా ఏర్పడుతుంది. నీళ్లలో కరిగిన లవణాలు ఎంత ఉన్నాయో చూపే టీడీఎస్ మీటరు ఒకటి కొని చూశాను. మా బోరు నీళ్లలో లీటరుకు 870 మిల్లీగ్రాములు ఉన్నట్టు చూపించింది. తాగే నీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మేలు, వేరే నీరు దొరకని చోట మాత్రం 2000 దాకా అనుమతిస్తారు. కడిగాక కారు మీద అరలీటరు నీళ్లు మిగిలాయనుకుంటే, ఎండిన తర్వాత 400 మిల్లీగ్రాములకు పైగా తెల్లటి పొడి ఆ నల్లటి రేకు మీద ఉండిపోతుందన్నమాట.

ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే ఒక పొరపాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆర్వో మెషిను బయటికి వదిలే నీళ్లు వృథా పోకూడదని బకెట్లలో పట్టి, వాటితో కారు కడుగుతారు. ఉద్దేశం మంచిదే, కానీ ఆ మెషిను మంచినీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే చేరతాయి. మా ఇంట్లో ఆ నీళ్లను కొలిస్తే మీటరు 1300 దాటింది. వాటితో నేల తుడుచుకోవచ్చు, బాత్రూంలో పోసుకోవచ్చు, కారు మీద మాత్రం పోయవద్దు. దీనికి సరిగ్గా విరుద్ధమైనవి ఏసీ పైపులోంచి కారే నీళ్లు. గాలిలోని తేమ చల్లటి కాయిలు మీద చేరి నీరవుతుంది కాబట్టి వాటిలో లవణాలు దాదాపుగా ఉండవు. మా ఇంటి ఏసీ నీళ్లకు మీటరు 18 చూపించింది. వర్షాకాలంలో రాత్రంతా ఏసీ నడిస్తే సగం బకెట్ పైనే చేరతాయి, వట్టి ఎండాకాలంలో అంతకంటే తక్కువే వస్తాయి. పైపులోని నలుసులు రాకుండా పలచటి బట్టతో వడగట్టి, డబ్బాలో దాచుకుంటున్నాను. కడగడమంతా బోరు నీళ్లతోనే కానిచ్చి, చివరగా ఈ ఏసీ నీళ్లను పైనుంచి కిందికి నెమ్మదిగా పోస్తాను. పై నుంచి కింది దాకా సరిగ్గా పోయడానికి పది లీటర్లు సరిపోతాయి. ఇలా చేసిన రోజున ఎక్కడైనా ఒక బొట్టు నా కన్నుగప్పి ఆరిపోయినా, దాని చోటులో వలయం కనిపించదు.

వేళ కూడా ముఖ్యమే. సూర్యుడు రాకముందు గానీ, సాయంత్రం నీడలో గానీ కడగాలి. బండి నడిపి వచ్చిన వెంటనే కడగకూడదు, బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగలాలి. వేడి రేకు మీద నీళ్లు మనం తుడిచేలోగా ఆరిపోవడమే కాకుండా, ఆ లవణాలు క్లియర్ కోట్‌ను పట్టుకుని, వారాల తరబడి వదిలేస్తే దానిలోకి దిగి గుంటలా తినేస్తాయి. కొత్తగా పడిన మరకైతే మన ఇత్తడి బిందెలను చింతపండుతో తోమినప్పుడు పనిచేసే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది, అంటే పులుపు గారను కరిగిస్తుంది. అయితే చింతపండు పీచు గీతలు పెడుతుంది కాబట్టి, తెల్ల వెనిగరులో సమానంగా నీళ్లు కలిపి, మెత్తటి బట్ట తడిపి మరక మీద ఒక నిమిషం పరిచి ఉంచి, రుద్దకుండా తీసి, వెంటనే మంచి నీళ్లతో బాగా కడిగేయాలి. దిగిపోయిన మరకకు ఇది పనికిరాదు, దానిని పాలిష్ చేసేవాళ్లే తీయాలి, తీసిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత పలచబడుతుంది. క్లియర్ కోట్ మీద రక్షణ పూతగా వేసే సెరామిక్ కోటింగ్ చేయిస్తే ఈ బెడద ఉండదనుకునేవారున్నారు. ఆ కోటింగ్ వల్ల నీళ్లు సులభంగా జారిపోతాయన్నది నిజమే, కానీ జారకుండా నిలిచిన బొట్లు అక్కడే ఆరితే ఆ పూత మీద కూడా వలయాలు పడతాయి.

తుడవడానికి ముందు చేసే పని ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. పైపు చివర ఉన్న నాజిల్ తీసేసి, నీళ్లు చిమ్మకుండా మెల్లగా వచ్చేలా కుళాయిని తిప్పి, పైపు మూతిని రూఫుకు నాలుగు వేళ్ల ఎత్తులో పట్టుకోండి. చిమ్మే నీళ్లు వేల బొట్లుగా చెదిరిపోతాయి, ఇలా పారే నీళ్లు మాత్రం దుప్పటిలా కలిసికట్టుగా జారుతూ దారిలో ఉన్న బొట్లను తమలో కలుపుకుని పోతాయి. రూఫు నుంచి అద్దం మీదికి, అద్దం నుంచి బానెట్ మీదికి ఆ ధారను నిదానంగా నడిపిస్తే, బట్ట ముట్టకుండానే నీళ్లలో ఎక్కువ భాగం దిగిపోతుంది. ఏసీ నీళ్లు పోసేటప్పుడూ ఇదే పద్ధతి, మగ్గు అంచును దగ్గరగా ఉంచి వంపాలి.

ఆ తర్వాత మైక్రోఫైబర్ తువ్వాలు. పాత బనియన్లు, లుంగీ ముక్కలు, స్నానపు తువ్వాళ్లు ఇందుకు పనికిరావు, వాటి కుట్లు, అంచులు కూడా గీస్తాయి. పోగులు పొడుగ్గా, దట్టంగా ఉన్న పెద్ద తువ్వాలును మొదట కొద్దిగా తడిపి పిండుకోవాలి, కాస్త తడి ఉన్న బట్టే నీటిని త్వరగా లాగుతుంది. దానిని రెండు చేతులతో చాప పరిచినట్టు రూఫు మీద పరుస్తాను. అరచేతులతో నొక్కను, పైన ఒక్కసారి తేలిగ్గా నిమురుతాను. రెండు మూడు క్షణాల్లో తువ్వాలు రంగు ముదిరి, కింది నీళ్లు తాగుతున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు దగ్గరి రెండు కొనలు పట్టుకుని తిన్నగా నా వైపు లాగుతాను, తువ్వాలు తన బరువుతో తానే జరిగి వస్తుంది, వెనక రేకు అద్దంలా తేలుతుంది. రూఫు, అద్దాలు, బానెట్, డిక్కీ ఈ తువ్వాలుతో అవుతాయి, తలుపుల పై సగం మరొకదానితో, చక్రాల దగ్గరి కింది భాగం ఇంకొకదానితో. మురికి ఎక్కువగా మిగిలేది కింది భాగంలోనే కాబట్టి అక్కడ తాకిన బట్ట మళ్లీ పైకి రాకూడదు.

అంతా అయిందనుకున్నాక పావుగంట ఆగండి. సైడ్ మిర్రర్ల లోపల, తలుపు హ్యాండిళ్ల వెనక, నంబర్ ప్లేటు కింద, పెట్రోలు మూత చుట్టూ దాగిన నీళ్లు అప్పుడు నెమ్మదిగా కారడం మొదలుపెడతాయి. చిన్న బ్లోయరు ఉంటే ముందే ఊది తీసేయవచ్చు, లేకపోతే తలుపులన్నీ ఒకసారి తీసి వేసి, కారినచోటల్లా బట్ట ఆనించాలి. తర్వాత కారును వీధి చివరిదాకా నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు వేసి తీసుకొస్తే డిస్కులు కూడా ఆరతాయి.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా మా కారుకు కొత్త గీతలు పడుతూనే ఉన్నాయి, ఎందుకంటే మా అపార్ట్‌మెంట్‌లో ఉదయాన్నే ఇరవైకి పైగా కార్లు తుడిచే అన్న ఒకే బకెట్, ఒకే గుడ్డతో అన్నిటినీ తుడుస్తాడు. వారానికి ఒక్కసారి నేనే కడుక్కుంటాను, మిగతా రోజులు దుమ్ము ఉంటే ఉండనివ్వు అన్నా, పొడిగా దులపవద్దు అని చెప్పాను. "తుడవకుంటే పైసలు ఎందుకియ్యాలె అంటరు సార్ అందరు" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు, రోజూ మెరవాలని కోరుకునేది మనమే. ఆయన నెల డబ్బులు తగ్గించకుండా, అద్దాలు మాత్రం వేరే తడిబట్టతో తుడవమని కోరాను, మూడు మైక్రోఫైబర్ తువ్వాళ్లు కూడా ఇచ్చాను. ఇప్పుడు ఆయన మరో రెండు కార్లకు కూడా బట్టలు వేరుగా పెడుతున్నాడు.

ఆ తువ్వాళ్లను ఇంట్లో మిగతా బట్టలతో కలిపి ఉతకను. నూలు బట్టల పీచు వాటి పోగుల్లో చేరితే తీయడం కష్టం, సువాసన కోసం వేసే ద్రవం పోగులకు పూతలా పట్టి నీళ్లు లాగనివ్వదు. కొద్దిగా డిటర్జెంటు ద్రవంతో విడిగా ఉతికి, నీడలో, దుమ్ము పడని చోట ఆరేస్తాను. చక్రాల దగ్గర వాడే తువ్వాలు అంచున మా ఆవిడ ఎర్ర దారంతో గుర్తు కుట్టింది. కారు తుడిచేటప్పుడు చెయ్యి జారి కిందపడిన తువ్వాలు ఎంత కొత్తదైనా ఆ రోజుకు ఎర్ర దారం తువ్వాలుతో పాటే ఉతుకుడు బకెట్‌లోకి వెళ్తుంది.