ముతనబ్బీ వీధిలో నిన్నటి పేపరు

కర్బలా జియారత్‌కు (తీర్థయాత్రకు) బయలుదేరిన హైదరాబాద్ మిత్రుడి వెంట నేనూ ఇరాక్ వెళ్లాను. తిరుగు ప్రయాణంలో బాగ్దాద్‌లో మూడు రోజులు ఆగాం. ఆయనకు అరబీ వచ్చు కనుక ఆ నగరం నాకు చాలావరకు ఆయన గొంతులోనే వినిపించింది.

శుక్రవారం ఉదయం పుస్తకాల సంతకు పేరుపడ్డ ముతనబ్బీ వీధికి వెళ్లి, 1917 నాటి షాబందర్ చాయ్‌ఖానాలో కూర్చున్నాం. 2007 మార్చి 5న ఆ వీధిలో కారు బాంబు పేలినప్పుడు యజమాని తన కొడుకులను పోగొట్టుకున్నారు. వారి ఫొటోలు గోడ మీద ఉన్నాయి. ఇస్తికాన్ అనే, నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసుల్లో చిక్కటి టీ వచ్చింది. పక్కన కూర్చున్న పెద్దాయన తాను చదివేసిన నిన్నటి పేపరును మా వైపు జరిపి, ఒక కాలమ్ మీద వేలు పెట్టి చూపించారు.

అది కరెంటు గురించి. ఇరాకీల ఇళ్లలో కరెంటు రెండు రకాలు: సర్కారు ఇచ్చేది 'వతనియా', వీధిలో జనరేటరు పెట్టినవాడు తీగ లాగి ఇచ్చేది 'మువల్లిదా'. రెండోదానికి నెలనెలా ఆంపియర్ల లెక్కన డబ్బు కట్టాలి. ముందురోజు రాత్రి బాగ్దాద్‌లోని కర్రాదా ప్రాంతంలో మా గదిలో ఫ్యాను ఆగి, చీకట్లో చెమటలు పోస్తుండగా, వీధిలోంచి జనరేటరు హోరు లేచాకే గాలి ఆడింది కాబట్టి, మిత్రుడు చదువుతున్న ప్రతి మాటా నాకు ఒంటికి తెలిసింది. ఫ్రిజ్ నడవాలంటే కూలర్ ఆపుకోవాల్సిన ఒక ఇల్లాలి లెక్కతో కాలమిస్టు మొదలుపెట్టారు. ఆ తర్వాతే మంత్రిత్వ శాఖ దగ్గరికి వచ్చారు. చమురు బావుల దగ్గర సహజవాయువును మండించి వృథా చేస్తూ, విద్యుత్ కేంద్రాల కోసం ఇరాన్ నుంచి వాయువు కొనే దేశంలో, ఆ ఇల్లాలు కరెంటుకు రెండుసార్లు ఎందుకు డబ్బు కట్టాలని నిలదీశారు. ఆ వరుస నాకు ఎంతో నచ్చింది. బడ్జెట్ అంకెలతో ఎత్తుకుని ఉంటే పెద్దాయన వేలు ఆ కాలమ్ మీద పడేది కాదని నా నమ్మకం.

1931లో నూరీ సాబిత్ పెట్టిన వ్యంగ్య పత్రిక 'హబజ్‌బూజ్' కాలం నుంచీ అధికారులను ఇలా ప్రశ్నించడం ఇక్కడి పాఠకులకు అలవాటేనట. 'అల్-మదా' దినపత్రికలో అలీ హుస్సేన్ రాసే 'ఎనిమిదో కాలమ్' ప్రస్తావన కూడా మా మాటల్లో వచ్చింది. అయితే ప్రభుత్వ సంస్థలను అవమానిస్తే ఏడేళ్ల వరకు జైలుశిక్ష వేయగల 226వ సెక్షన్ 1969 నాటి శిక్షాస్మృతిలో ఇప్పటికీ ఉంది. అది తెలిసీ తమ పేరు పెట్టి రాసేవారి మీద నాకు గౌరవం రెట్టింపైంది.

పెద్దాయనది దక్షిణ ఇరాక్‌లోని బస్రా నగరం. 2018లో అక్కడ కలుషిత నీటి వల్ల లక్ష మందికి పైగా ఆసుపత్రుల పాలైన వేసవిని తలుచుకుని కాసేపు మౌనంగా ఉండిపోయారు. లేచేటప్పుడు పేపరు తిరిగి తీసుకుని, నలగకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంట్లో ఆంపియర్ల లెక్క చూసేది తన భార్యేనని, ఆవిడ ఇంకా ఆ కాలమ్ చదవలేదని చెప్పారు.