హెడ్‌సెట్ పెట్టుకుంటే కనిపించింది

రాత్రి 11 దాకా ఒకటే కుస్తీ. నేను రాసిన యాప్ ఎందుకు ఆగిపోతోందో చూద్దామని వీఆర్ హెడ్‌సెట్‌ని నా ఉబుంటు (లినక్స్) ల్యాప్‌టాప్‌కి కలిపి, ఆండ్రాయిడ్ పరికరాలతో మాట్లాడే ఏడీబీ అనే టూల్‌తో ‘ఏడీబీ డివైసెస్’ అని కొడితే ‘నో పర్మిషన్స్’ అంటోంది. యూడెవ్ రూల్స్ (ఏ పరికరాన్ని ఎవరు వాడొచ్చో లినక్స్‌కి చెప్పే నియమాలు) లేకపోతే మామూలు యూజర్‌కి ఆ యూఎస్‌బీ పరికరాన్ని వాడుకునే అనుమతి ఉండదు. రూల్స్ ప్యాకేజీ వేసి, కేబుల్ పీకి మళ్లీ పెట్టాను. ఈసారి ‘అన్‌ఆథరైజ్డ్’! టెన్షన్ మొదలైంది. ల్యాప్‌టాప్‌లో గంటసేపు వెతికాను. చివరికి హెడ్‌సెట్ తలకు పెట్టుకుంటే, కళ్లెదురుగా చిన్న పెట్టె: యూఎస్‌బీ డీబగ్గింగ్‌కి, అంటే కేబుల్ ద్వారా కంప్యూటర్ నుంచి తప్పులు వెతకడానికి, ఒప్పుకుంటారా అని. అది అక్కడ కాక ఇంకెక్కడ అడుగుతుంది! ‘ఈ కంప్యూటర్‌కి ఎప్పుడూ’ అన్నచోట టిక్ పెట్టాను. లాగ్‌క్యాట్ (పరికరంలో ఏం జరుగుతోందో చూపే చిట్టా) వరుసలు జలజలా రాలుతుంటే ప్రాణం లేచొచ్చింది. వారం రోజులుగా నా యాప్ ఎందుకు ఆగిపోతోందో మొదటిసారి చూశాను: ఒక్క టెక్స్చర్ (3డీ వస్తువుల మీద పరిచే బొమ్మ) ఫైల్ దొరకడం లేదు, అంతే.