కళ్ళు మాత్రం కదులుతాయి

ఇంటర్ రెండో ఏడాదిలో మొదలైంది. ఫిజిక్స్ క్లాసులో నోట్సు రాస్తూ రాస్తూనే పెన్ను ఎటో వెళ్ళిపోయేది. తర్వాత చూసుకుంటే సగం పేజీ అక్షరాలు, మిగతా సగం కోడి కెలికినట్టు గీతలు. సార్ నిలబెట్టేవారు. నిలబడి కూడా నిద్రపోయేదాన్ని. "రాత్రుళ్ళు ఏం చేస్తున్నావే?" అని అమ్మ అడిగేది. రాత్రి తొమ్మిదికల్లా ఆవిడ పక్కనే పడుకునేదాన్ని మరి.

నిద్ర సంగతి సరే, నన్ను భయపెట్టింది మెలకువ. తెల్లవారుజామున కళ్ళు తెరుచుకునేవి. ఫ్యాన్ తిరగడం కనిపించేది, సామర్లకోట స్టేషన్లో బండి కూత వినిపించేది. చెయ్యి లేవదు, నోరు రాదు. గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డట్టు ఉండేది. వాళ్ళు మెల్లగా వచ్చి గుండెల మీద కూర్చునేవారు. పక్కనే అమ్మ. ఆవిడ వైపు కళ్ళు తిప్పి, అటూ ఇటూ ఆడించి, లేపమని లోపల్లోపల అరిచేదాన్ని. "పీడకల వచ్చుంటుందిలే" అని అమ్మ అటు తిరిగి పడుకునేది.

మామ్మ దిండు కింద అట్లకాడ పెట్టింది. ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఆంజనేయస్వామి గుడిలో తాయెత్తు కట్టించారు. వాళ్ళని నేనేమీ అనను. కళ్ళారా చూసిన ఆకారాన్ని నేనే దెయ్యం కాదనుకోలేకపోయాను.

ఇరవై ఏళ్ళప్పుడు మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో బావ ఏదో జోకు వేశాడు. పగలబడి నవ్వాను. దవడ జారింది, మోకాళ్ళు మడతపడ్డాయి, పులిహోర ప్లేటుతో సహా కిందపడ్డాను. స్పృహ ఉంది. "నీళ్ళు కొట్టండి", "తాళాలు చేతిలో పెట్టండి" అని జనం అరుస్తుంటే అన్నీ వింటూనే ఉన్నాను. ఒక నిమిషంలో లేచి కూర్చున్నాను. ఒక డాక్టరు గారు ఫిట్స్ అన్నారు. రెండేళ్ళు ఆ మాత్రలు మింగాను, మత్తు ఇంకా పెరిగింది. ఖాయమనుకున్న సంబంధం ఒకటి వెనక్కి పోయింది. నవ్వడం మానేశాను, అదొక్కటే నా చేతిలో ఉన్న వైద్యం.

ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక ఒక న్యూరాలజిస్టు నా ఫైలు పక్కన పెట్టి ఒకే ప్రశ్న అడిగారు: "నవ్వినప్పుడేనా పడిపోయేది?" నాకు ఏడుపొచ్చింది. అన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది.

రాత్రంతా తలకీ కళ్ళ పక్కనా గడ్డానికీ జిగురుతో వైర్లు అంటించి పడుకోబెట్టారు. మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి, మొత్తం ఐదుసార్లు నిద్రపొమ్మన్నారు. సగటున మూడు నిమిషాల్లో నిద్రపోయాను. అందులో నాలుగుసార్లు నేరుగా కలల్లోకే వెళ్ళానట. మామూలు మనిషికి కలల నిద్ర, అంటే రెమ్, రావడానికి గంటన్నర దాకా పడుతుంది. జబ్బు పేరు నార్కోలెప్సీ. మెదడులో మెలకువని నిలబెట్టే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతే వస్తుంది. మెలకువకీ నిద్రకీ మధ్య తలుపుకి గడియ లేదన్నమాట. కల నడుస్తున్నంతసేపూ, మనం లేచి పరిగెత్తకుండా మెదడు కండరాలని వదులు చేసి ఒళ్ళంతా కట్టేస్తుంది. ఊపిరి తీసే కండరాలనీ కళ్ళనీ మాత్రం వదిలేస్తుంది. ఆ కట్టు విడిపోకముందే మెలకువ వస్తే గుండెల మీద దెయ్యం. మెలకువగా ఉండగానే నవ్వుకి ఆ కట్టు వచ్చిపడితే పులిహోర ప్లేటు.

పొద్దున్న మెలకువకి మోడాఫినిల్, కూలబడకుండా వెన్లాఫాక్సిన్, మధ్యాహ్నం ఒంటిగంటకీ సాయంత్రం ఐదింటికీ ఇరవై నిమిషాల కునుకు. హెచ్చార్‌తో ఆ కునుకు గురించి మాట్లాడటం ఇంట్లో చెప్పడం కంటే కష్టమైంది. రెండో మందు సొంతంగా మూడు రోజులు ఆపి చూశాను. దాంతో ఒకే రోజు ఆరుసార్లు పడ్డాను, మళ్ళీ ఆ పని చేయలేదు. స్కూటీ అమ్మేశాను. జబ్బు పోలేదు, పోదు కూడా. కానీ ఇప్పుడు నవ్వుతున్నాను.

2021లో మా తమ్ముడు ఒక వార్త పట్టుకొచ్చాడు. అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్‌లో నాలుగు బృందాలు కల కంటున్నవాళ్ళని ప్రశ్నలు అడిగి, వాళ్ళు నిద్రలో ఉండగానే జవాబులు రాబట్టాయట. ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత అంటే, ఒకతను నిద్రలోనే కళ్ళు రెండుసార్లు ఎడమకీ కుడికీ తిప్పాడు. ఇది కలే అని కలలోనే తెలిసినవాళ్ళకే అది కుదురుతుంది. మొత్తం 36 మంది పాల్గొంటే, అడిగిన 158 ప్రశ్నలకి సరైన జవాబులు 18 శాతమే. సగానికి పైగా ప్రశ్నలకి అసలు ఉలుకూ పలుకూ లేదు. అయినా మా తమ్ముడి సంబరం వాడిది. "అక్కా, పారిస్‌లో జవాబు చెప్పినతను నీలాంటివాడే, నార్కోలెప్సీ" అన్నాడు. మాలాంటివాళ్ళు కలలోకి చప్పున వెళ్తాం, అది కలేనని తెలియడం కూడా మాకు ఎక్కువే.

అంతకు చాలా ముందే, 1975లో, ఇంగ్లండులోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడికి అలన్ వర్స్‌లీ అనే మనిషి కలలోంచి కళ్ళతోనే సైగ చేశాడట. చదివి చాలాసేపు ఊరుకున్నాను. అమ్మ పక్కన పడుకుని నేను చేసింది అదే కదా. చూసేవాళ్ళకి ఆ భాష తెలియకపోయింది, అంతే.

ఒక ఆదివారం మధ్యాహ్నం కునుకులో తమ్ముడు ప్రయోగం పెట్టాడు. నేను కలలో కాకినాడ బస్సులో ఉన్నాను. కండక్టరు తమ్ముడి గొంతుతో "అక్కా, ఎనిమిదిలోంచి ఆరు?" అన్నాడు. చిల్లర అడుగుతున్నాడనుకున్నాను. ఇది కల కదా అని గుర్తొచ్చి కళ్ళు రెండుసార్లు తిప్పాను. తమ్ముడు మాత్రం మూడుసార్లు తిప్పానన్నాడు. వైర్లూ లేవు, గ్రాఫూ లేదు, ఆ తగువు ఇంకా తేలలేదు.

పనికొచ్చింది మాత్రం ఇంకోటి. కదలలేని మెలకువ వచ్చినప్పుడు కళ్ళు గబగబా అటూ ఇటూ తిప్పుతాను, చూసినవాళ్ళు భుజం మీద చెయ్యి వేయాలి. నా వరకు ఆ స్పర్శతో కట్టు తెగిపోతుంది. తమ్ముడు పుణె వెళ్ళిపోతూ దీన్ని అమ్మకి అప్పజెప్పాడు.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మళ్ళీ వచ్చింది. జీరో బల్బు వెలుగులో గుమ్మం దగ్గర అదే ఆకారం. కళ్ళు తిప్పాను. అమ్మ లేచే ఉందేమో, "ఇదిగో, నేనున్నా" అని భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి లేచింది, నోరు వచ్చింది. మంచినీళ్ళు తాగి, అదే చేతికున్న తాయెత్తు విప్పబోయాను.

"దాని పని అది చేస్తోంది, ఉండనీ" అని లైటార్పేసింది.