సినిమా ప్రశ్నే కదా అనుకున్నాను

మొన్న ఉద్యోగాల పోటీ పరీక్షలో ఎంపికైనవారి జాబితాలో నా హాల్ టికెట్ నంబరు కనిపించింది. ఇది మూడో ప్రయత్నం. పాలిటీ, ఎకానమీ ఎలా చదివారని మిత్రులు అడుగుతున్నారు. మీరు చదివే పుస్తకాలే చదివాను. చెప్పుకోవలసింది రెండో ప్రయత్నం గురించి, అందులోని ఒక సినిమా ప్రశ్న గురించి.

శంకరాభరణానికి జాతీయ పురస్కారాలు ఏ సంవత్సరానికి దక్కాయి? చూడగానే నవ్వు వచ్చింది. మా ఇంట్లో ఆ పాటలు రానివారు లేరు. సినిమా విడుదలైంది 1980 ఫిబ్రవరిలో. ఇంకేం, 1980 గడి నింపేశాను. జవాబు 1979! లెక్కలోకి వచ్చేది విడుదల తేదీ కాదు, సెన్సార్ అయిన సంవత్సరం. మార్కు పోయింది, పైగా తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. కటాఫ్‌కు సరిగ్గా ఒక్క మార్కు దూరంలో ఆగిపోయాను. వారం రోజులు ఎస్వీ యూనివర్సిటీ గ్రంథాలయం వైపు కూడా వెళ్లలేదు.

ఆ తర్వాత ఒక నోటుపుస్తకం కొన్నాను. ప్రతి సినిమాకూ నాలుగు గళ్లు: సెన్సార్, విడుదల, పురస్కారం ఏ ఏటికి, చేతికి అందింది ఎప్పుడు. కె.విశ్వనాథ్ గారి ఫాల్కే పురస్కారం 2016 సంవత్సరానిది, అందుకున్నది 2017లో. అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడైంది 2021కి, ప్రకటించింది 2023లో. 'నాటు నాటు' తెరమీదికి వచ్చింది 2022లో, ఆస్కార్ వచ్చింది 2023 మార్చిలో. ప్రశ్న తయారు చేసేవారు గురిపెట్టేది ఈ సందుల్లోనే.

టీవీకి ఇంత తంటా లేదు. దూరదర్శన్ 1959, రంగుల ప్రసారం 1982, రామాయణం 1987, మహాభారతం 1988. బస్సులో వల్లె వేసుకోవచ్చు.

సినిమాలు చూసి చెడిపోయాడని బంధువులు అన్నారు. చూడడం వల్ల చెడిపోలేదు, చూసిందంతా తెలిసిపోయిందనుకుని దెబ్బతిన్నాను. రోజంతా ఫోనులో సినిమా ముక్కలు చూస్తూ 'జీకే చదువుతున్నాను' అనుకునే తమ్ముళ్లూ, ఒకసారి తేదీలు కాగితం మీద రాసి చూడండి, ఎన్ని వస్తాయో తెలుస్తుంది. నేను తెల్లవారుజామున అయిదింటికి లేచి రాసేవాణ్ణి. బాలాజీ కాలనీలో అప్పటికి టీ కొట్టు కూడా తెరిచేవారు కాదు.

అమ్మది చిత్తూరు. పాతతరం నటుడు చిత్తూరు నాగయ్య పుట్టింది రేపల్లెలో అని నోటుపుస్తకం తెరిచి చూపించినా ఒప్పుకోదు. "ఊరికే ఊరి పేరు పెట్టుకుంటారా ఎవరైనా?" అంటుంది.