ఇంతకీ ఇది ఏ ఊరి జట్టురా?

"ఈ ఎండలో శాక్రమెంటో ఎందుకు, చక్కగా మాంటెరీ వెళ్ళిరండి" అని మా ఆవిడ వారం ముందు నుంచీ చెబుతూనే ఉంది. వింటే నేనెందుకవుతాను. 2025 జులైలో ఒక శనివారం మధ్యాహ్నం, రెండు డబ్బాల పులిహోర, ఐస్ పెట్టెలో మజ్జిగ సీసాలు, తెనాలి నుంచి వచ్చిన మా నాన్నని కార్లో వేసుకుని కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లోని మా ఇంటి నుంచి బయల్దేరాను. 680 హైవే మీద బెనీషియా వంతెన దగ్గర 8 డాలర్ల టోల్, అక్కణ్ణుంచి 80, వాకవిల్, డేవిస్. వాకవిల్ దాటేదాకా కారు నడిచిందనడం కంటే పాకిందనడం నయం. పులిహోర దారిలోనే అయిపోయింది.

వెళ్ళింది బేస్‌బాల్ ఆట చూడ్డానికి. అథ్లెటిక్స్ జట్టు. ఆ జట్టంటే నాకు ఇప్పుడు ఉన్నది ప్రేమో కక్షో చెప్పలేను. 2024 సెప్టెంబరులో వాళ్ళు ఓక్లాండ్ వదిలేశాక ఇంక చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నాన్న ఒక రోజు టీవీలో చూస్తూ "ఇది మన గోడుంబిళ్ళలా ఉందే, ఒకసారి చూపించు" అన్నాడు. సాకు దొరికింది, ఒట్టు తీసి గట్టున పెట్టాను.

గేటు దగ్గర టీషర్టులు అమ్మే చోట నాన్న ఆగి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్కటీ చదివాడు. రిటైరైన లెక్కల మాస్టారు, ఏదీ చదవకుండా వదలడు. అన్నిటి మీదా అథ్లెటిక్స్ అనే ఉంది.

"ఇంతకీ ఇది ఏ ఊరి జట్టురా?"

"ఏ ఊరిదీ కాదు నాన్నా."

"అదేంటి?"

నిజంగానే కాదు. 2024 దాకా ఓక్లాండ్ అథ్లెటిక్స్. 2028కి లాస్ వేగస్‌లో కొత్త స్టేడియం కట్టుకుని పోతారట. ఈలోపు మూడేళ్ళు తలదాచుకోవడానికి ఇక్కడ, చిన్న లీగ్ జట్టు ఆడుకునే గ్రౌండులో దిగారు. పద్నాలుగు వేలమంది పడితే నిండిపోయే చోటు. ఈ మూడేళ్ళూ శాక్రమెంటో పేరు పెట్టుకోరు, వట్టి అథ్లెటిక్స్. చొక్కా ఒక చేతి మీద శాక్రమెంటో వంతెన బొమ్మ, రెండో చేతి మీద లాస్ వేగస్ అన్న అక్షరాలు. అద్దెకున్న ఇంటి గోడ మీద, కట్టుకోబోయే ఇంటి ఫొటో తగిలించినట్టు.

టికెట్ గోల చెప్పనివ్వండి. కుర్చీల ధర చూసి గుండె ఆగినంత పనై, కుడి వైపు బౌండరీ వెనక గడ్డి గట్టు మీద తీసుకున్నాను. గడ్డి మీద కూర్చోవడానికి మనిషికి నలభై డాలర్ల పైన, అది కాక యాప్‌వాడి ఫీజు. పార్కింగ్ ఇంకో ముప్పై. 2012లో నేను ఓక్లాండ్‌లో చూసిన మొదటి ఆటకి మొత్తం ఖర్చు ఇరవై డాలర్లు దాటలేదు, బార్ట్ రైలు చార్జీతో కలిపి. ఫ్రీమాంట్‌లో ఎక్కితే అరగంటలో కొలీజియం స్టేషన్. దిగీదిగగానే గ్రౌండుకి తీసుకెళ్ళే నడక వంతెన. దాని మీద బేకన్ చుట్టిన హాట్‌డాగ్‌లు, ఉల్లిపాయలు పెనం మీద వేయించే వాసన. నేను మాంసం తినను, అయినా ఆ వాసన ఇప్పటికీ గుర్తొస్తే ఆకలేస్తుంది.

ఆ సంవత్సరమే ఎందుకు చెబుతున్నానంటే, నాకు జట్టు పోవడం అదే మొదటిసారి కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు నాది ఐపీఎల్ జట్టు డెక్కన్ చార్జర్స్. 2008లో పద్నాలుగు ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున ఉన్నప్పుడూ ఉప్పల్ వెళ్ళాను. 2009లో గిల్‌క్రిస్ట్ దక్షిణాఫ్రికాలో కప్పు ఎత్తితే అమీర్‌పేట మెస్సులో మిఠాయి పంచాను. 2012 సెప్టెంబరులో ఆ జట్టునే రద్దు చేసేశారు. అప్పటికి నేను అమెరికా వచ్చి నాలుగు నెలలు. మూడు వారాలు తిరక్కుండా, అక్టోబరు 3న, సీజన్ చివరి రోజున ఓక్లాండ్ టెక్సస్‌ని ఓడించి డివిజన్ గెలిచింది, అంటే తన గుంపులో మొదటి స్థానం. ఆఫీసులో పక్క సీటు కుర్రాడు పచ్చ టోపీ తెచ్చి నా నెత్తి మీద పెట్టాడు. ఆ టోపీ పన్నెండేళ్ళు తియ్యలేదు.

గట్టు మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. పొద్దున్నించీ కాలిన గడ్డి. సాయంత్రం ఆరున్నరకి 98 డిగ్రీలు, మన లెక్కలో 37. సూర్యుడు సరిగ్గా మా కళ్ళలోకి. నాన్న తువ్వాలు నెత్తిన వేసుకుని "దీన్ని ఎండ అంటారా, మే నెలలో మన రైలు పేటకి రండి" అన్నాడు. అన్న పది నిమిషాలకే నిమ్మరసం కావాలన్నాడు. ప్లాస్టిక్ గ్లాసు, ముప్పాతిక ఐసు, పది డాలర్ల పైచిలుకు. దాదాపు తొమ్మిది వందల రూపాయల నిమ్మరసం తాగిన మొదటి మనిషిని నేనే అయ్యుంటానని ఇంటికి వెళ్ళేదాకా చెబుతూనే ఉన్నాడు.

మా పక్కన ఒక పెద్దాయన ఒంటరిగా కూర్చున్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. పచ్చ టీషర్టు, దాని మీద ఒకటే మాట: 'సెల్'. అమ్మెయ్ అని. ఒళ్ళో అట్ట, అట్ట మీద గళ్ళ కాగితం, చెవి వెనక చెక్కిన పెన్సిలు. ప్రతి బంతికీ ఏదో రాస్తున్నాడు. గళ్ళ కాగితం చూసిన మాస్టారు ఊరుకుంటాడా? రెండో ఇన్నింగ్స్‌కల్లా (ఇక్కడ ఒక ఆటకి తొమ్మిది ఉంటాయి) దుప్పటి చివరికి జరిగిపోయి ఆ కాగితంలోకి తొంగిచూడటం మొదలుపెట్టాడు. పెద్దాయన అట్టని ఇటు తిప్పి పెట్టాడు.

ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస. ఒక్కో గడిలో చిన్న డైమండు, గ్రౌండులో నాలుగు బేస్‌ల ఆకారం. ఎంత దూరం పరుగెత్తితే డైమండుకి అన్ని గీతలు. పరుగు వస్తే లోపలంతా పెన్సిలుతో నింపుతాడు. బంతి కొట్టలేక అవుటైతే కే అక్షరం. అసలు బ్యాటే ఊపకుండా నిలబడి అవుటైతే అదే కే, అద్దంలో చూసినట్టు తిరగేసి. నాన్నకి ఆ తిరగేసిన కే తెగ నచ్చింది. "ప్రయత్నించి తప్పినవాడికీ ఊరికే నిలబడ్డవాడికీ తేడా పెట్టారు చూడు, మనం సున్నా మార్కులకి ఆ తేడా పెట్టలేదు" అన్నాడు. నేను అనువాదం చేసి చెబితే పెద్దాయన చాలాసేపు నవ్వాడు. ఓక్లాండ్‌లో సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడట. 1972, 73, 74, వరసగా మూడేళ్ళు ప్రపంచ సిరీస్ గెలిచినప్పుడు కుర్రవాడు. ఓక్లాండ్ ఆటగాడు రికీ హెండర్సన్ 1982లో 130 బేస్‌లు దొంగిలించడం, అంటే బంతి విసిరేవాడి కన్నుగప్పి తరవాతి బేస్‌కి పరుగెత్తడం, కళ్ళారా చూశాడు. ఆ రికీ కూడా జట్టు ఊరు వదిలిన మూడు నెలలకే, డిసెంబరులో పోయాడు.

కాగితం పైన జట్టు పేరు రాసే చోట ఆయన ఓక్లాండ్ అని రాసుకున్నాడు. పెద్ద అక్షరాలతో, రెండుసార్లు దిద్ది.

ఆట సంగతి పెద్దగా చెప్పను. అవతలి జట్టు ఎవరన్నదీ అనవసరం. మా చుట్టూ ఉన్నవాళ్ళలో సగానికి పైగా వాళ్ళ అభిమానులే, సొంత గ్రౌండులో మేమే చుట్టాల్లా ఉన్నాం. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపలా ఉండే మన షార్ట్‌స్టాప్ జేకబ్ విల్సన్, కొత్త కుర్రాడు నిక్ కర్ట్జ్, ఇద్దరూ బంగారం. చూస్తుంటే ముచ్చటేసింది, వెంటనే గుండె కలుక్కుమంది. ఎందుకంటే ఓక్లాండ్‌లో మాకు ముచ్చటేసిన ప్రతివాణ్ణీ ఇలాగే చూసి, ఇలాగే పోగొట్టుకున్నాం. 2022 మార్చిలో మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్, క్రిస్ బాసిట్, ఒకే వారంలో ముగ్గుర్నీ వేరే జట్లకి ఇచ్చేశారు. డిసెంబరులో షాన్ మర్ఫీ. ఆ తరవాతి ఏడాది 162 ఆటల్లో 112 ఓడారు.

"యజమానికి డబ్బుల్లేవా?" అని నాన్న అడిగాడు.

"ఉన్నాయి. వాళ్ళమ్మానాన్నలు గ్యాప్ బట్టల కంపెనీ పెట్టినవాళ్ళు."

నాన్న తన ప్యాంటు వంక చూసుకున్నాడు. వచ్చిన వారంలో నేను కొనిపెట్టిన ప్యాంటు. ఇద్దరం ఏమీ అనలేదు.

జాన్ ఫిషర్, ఇంకో భాగస్వామి కలిసి 2005లో ఈ జట్టుని 180 మిలియన్ డాలర్లకి కొన్నారు. ఇప్పుడు దాని విలువ బిలియన్లలో. "మరి ఇన్ని ఓడితే కిందకి దించరా?" అన్నాడు నాన్న. దించరు. ఆఖర్న ఉన్నవాడికీ టీవీ డబ్బులో వాటా వస్తుంది, పెద్ద జట్ల ఆదాయంలోంచి చిన్న జట్లకి పంచే వాటా వస్తుంది, పైగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకోవడంలో ముందు వరస. ఫెయిలైనవాడికి స్కాలర్‌షిప్పు అన్నమాట అని నాన్న తేల్చాడు. ఆ పద్ధతి పెట్టింది చిన్న ఊళ్ళ జట్లు బతకాలనే. ఆ డబ్బుతో ఆటగాళ్ళని కొనాలా, జేబులో వేసుకోవాలా అన్నది యజమాని ఇష్టం మీదే ఎక్కువ నడుస్తుంది.

అలాగని ఓక్లాండ్ గ్రౌండు స్వర్గం అనను. కాలవలు పొంగి మురుగు ఆటగాళ్ళ గదుల్లోకి వచ్చేది. కామెంటరీ బూత్‌లో అడవి జంతువు కాపురం పెట్టింది. నగరంవాళ్ళూ ఏళ్ళకేళ్ళు నాన్చారు. ఓడరేవు దగ్గర హోవర్డ్ టెర్మినల్ అనే చోట కొత్త స్టేడియం కడతామని రెండు పక్షాలూ మాట్లాడుకుంటూ ఉండగానే, 2023 ఏప్రిల్లో వేగస్‌లో స్థలం చూసుకున్నామని జట్టువాళ్ళు ప్రకటించారు. నెవాడా ప్రభుత్వం 380 మిలియన్ల దాకా ఇస్తానంది.

ఆ ఏడాది జూన్ 13 మంగళవారం నేను ఓక్లాండ్‌లో ఉన్నాను. ఖాళీ కుర్చీలు చూపించి ఈ ఊళ్ళో అభిమానుల్లేరు అంటున్నారు కదా, ఒక్క రోజు అందరం వెళ్దాం అని అభిమానులే అనుకున్నారు. 27,759 మంది. గేటు బయట ఈ 'సెల్' చొక్కాలు ఊరికే పంచారు. ఐదో ఇన్నింగ్స్ మొదట్లో అనుకున్నట్టే అందరం నోరు మూసుకున్నాం. అన్ని వేలమంది గమ్మున ఉంటే జెండా తాడు స్తంభానికి కొట్టుకునే చప్పుడు కూడా వినిపించింది నాకు. తరవాత ఒక్కసారిగా అరుపు, అమ్మెయ్ అమ్మెయ్ అని. టాంపా బే మీద 2-1తో గెలిచాం. అదే రోజు నెవాడా సెనేట్ ఆ డబ్బు బిల్లు పాస్ చేసింది. నవంబరులో అన్ని జట్ల యజమానులూ కలిసి సరేనని ఓటేశారు, ముప్పైకి ముప్పై. ఒక్కడు, ఒక్కడైనా వద్దనకూడదా?

ఇదంతా విని పెద్దాయన చొక్కా చూపించి "అప్పుడిచ్చిందే" అన్నాడు. ఉతికి ఉతికి అంచులు పోగులొచ్చాయి. మరి ఎందుకొచ్చావు, నీ డబ్బు వాడికే కదా పోయేది అని అడిగాను. అడగకూడదు, కానీ నన్ను నేనే అడిగినట్టు అడిగాను. టికెట్ మనవడు కొనిచ్చాడన్నాడు. కాసేపాగి, సొంత డబ్బులైతే ఓక్లాండ్ బాలర్స్‌కే పెడతానన్నాడు. అథ్లెటిక్స్ పోతుందని తెలిశాక ఊళ్ళో పుట్టిన చిన్న జట్టది. అభిమానులకీ కొద్దికొద్దిగా వాటాలు అమ్మారు, ఈయనకీ ఒకటి ఉందట.

ఆరో ఇన్నింగ్స్ తరవాత బంతి విసిరే మా పిచ్చర్ ఒకడు తువ్వాలు భుజాన వేసుకుని గ్రౌండు అంచున నడుచుకుంటూ ఎడమ మూలకి వెళ్ళిపోయాడు. అందరూ చూస్తుండగా, అంత దూరం. ఆటగాళ్ళ గది అక్కడ, గోడ అవతల ఉంది; డగౌట్ నుంచి లోపలి దారి లేదు. నాన్న తలతిప్పి అతను కనబడినంత వరకూ చూసి, సురభి వాళ్ళ సంగతి ఎత్తాడు.

"మా చిన్నప్పుడు సురభి నాటకాలవాళ్ళు డేరా వేస్తే నెలల తరబడి ఉండేవాళ్ళు. రాత్రి కృష్ణుడి వేషం వేసినాయనే పొద్దున్నే వీధి పంపు దగ్గర బిందెతో కనపడేవాడు. ఆ సురభి ఏమిటో తెలుసా నీకు? కడప జిల్లాలో ఒక పల్లె. 1885లో మొదటి నాటకం ఆడింది అక్కడ. అక్కణ్ణుంచి ఎన్ని ఊళ్ళు తిరిగారో. పేరు మాత్రం ఆ పల్లెదే ఉంచుకున్నారు."

ఈ జట్టు కూడా ముందు ఫిలడెల్ఫియాలో, తరవాత కాన్సస్ సిటీలో ఉండి, 1968లో ఓక్లాండ్ వచ్చింది నాన్నా, కానీ ఉన్నన్నాళ్ళూ ఆ ఊరి పేరు పెట్టుకుంది అన్నాను. "అప్పుడు సిగ్గుండేది" అన్నాడు, అక్కడికి తనే మోసపోయినట్టు.

ఎనిమిదిన్నర దాటాక నది డెల్టా మీదనుంచి చల్లగాలి తిరిగింది. నది మీద పసుప్పచ్చ వంతెనకి దీపాలు వెలిగాయి. నిజం ఒప్పుకోవాలి, బాగుంది. ఓడిపోయాం. పెద్దాయన ఆఖరి గడి నింపి, కింద గీత కొట్టి, కూడికలు వేసి, సరిచూడమని కాగితం నాన్న చేతికిచ్చాడు. మాస్టారు వేళ్ళమీద లెక్కపెట్టి, ఒక చోట తప్పు పట్టుకుని, పెన్సిలు అడిగి దిద్దాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

తిరుగు ప్రయాణంలో నాన్న నిద్రపోయాడనుకున్నాను. ఫెయిర్‌ఫీల్డ్ దాటాక 680కి మళ్ళే చోట, ఫోన్ మ్యాప్ వంక వేలు చూపించాడు.

"ఇటు తిరక్కుండా తిన్నగా పోతే ఓక్లాండ్ వస్తుందా?"

"వస్తుంది."

"ఆ గ్రౌండు ఉందా, పడగొట్టారా?"

"ఉంది నాన్నా. ఇప్పుడక్కడ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆడుతోంది."

"ఊరి పేరుందా దానికి?"

"ఉంది. ఓక్లాండ్ రూట్స్."

"మరి అక్కడికి తీసుకెళ్ళక నన్ను ఈ ఎండలో ఎందుకు తిప్పావురా" అని సీటు వెనక్కి వాల్చుకుని ఈసారి నిజంగానే నిద్రపోయాడు.