ఆరు నీళ్ల డబ్బాలు

శనివారం. పొద్దున కాఫీ తాగీ తాగకముందే నాన్న గ్యారేజీలోకి వెళ్లిపోయారు. వెళ్లి చూస్తే, ఇరవై లీటర్ల డబ్బాలు ఆరింటినీ నిండా నింపి, పాత పేపర్లు పరిచి వాటి మీద పక్కకి పడుకోబెట్టారు. "గంటసేపు కదపొద్దమ్మా. మూత కారేదైతే ఈడే తెలిసిపోతాది" అన్నారు.

ఇంకో రెండు వారాల్లో అడిలైడ్ నుంచి ఔట్‌బ్యాక్, అంటే ఆస్ట్రేలియా లోపలి ఎడారి వైపు ప్రయాణం. జులైలో చిన్నదానికి సెలవులు. ఇక్కడ చలికాలం కాబట్టి పగలు హాయిగా ఉంటుంది, ఎండాకాలం అయితే 45 డిగ్రీలు దాటేస్తుంది. పోర్ట్ అగస్టా, హాకర్ మీదుగా మారీ దాకా సుమారు 680 కిలోమీటర్లు. అక్కడ ఊడ్నదత్తా ట్రాక్ ఎక్కాలి. మట్టిరోడ్డు. విలియం క్రీక్ వచ్చేదాకా 200 కిలోమీటర్లు పెట్రోల్ బంకు లేదు, ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న ఆశ లేదు. ఆ తర్వాత కూబర్ పీడీ.

ట్రాక్ మీద ఉండేది మూడు రోజులు. మనిషికి రోజుకు పది లీటర్ల లెక్కన నలుగురికి 120 లీటర్లు. కారు ఆగిపోతే దాన్ని వదిలి నడవకూడదు, సాయం వచ్చేదాకా దాని దగ్గరే ఉండాలి. అప్పుడు ప్రాణాలు నిలిపేవి ఈ డబ్బాలే. ఈ మాట నాన్నకి నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. అనంతపురంలో ట్యాంకర్ వచ్చే రోజు బిందెలు వరసలో పెట్టి, రాత్రంతా కాపలా కూర్చున్న మనిషి ఆయన.

మొన్నటిదాకా కారు టెన్షన్ వేరే. అద్దెకు మాట్లాడుకున్న కంపెనీ వాళ్ల కాగితాల్లో నాలుగో పేజీలో, తారు లేని రోడ్డు మీద ఇన్సూరెన్స్ వర్తించదని ఉంది. ఫోన్‌లో అడిగినప్పుడు మాత్రం ఫరవాలేదన్నారు! రద్దు చేసుకుని, మట్టిరోడ్లకు ఒప్పుకునే వాళ్ల దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకున్నాం. రెండు స్పేర్ టైర్లు, గాలి కొట్టే కంప్రెసర్ వాళ్లే ఇస్తారు. ఆ రోడ్డంతా రేకు మడతల్లా గతుకులు, టైర్లలో గాలి కొంచెం తగ్గించి నడపాలి. వాన పడితే రోడ్డు మూసేస్తారు, మూసిన రోడ్డు మీద నడిపితే ఫైన్. అందుకని మా ఆయన రోజూ పొద్దున్నే ప్రభుత్వం వాళ్ల రోడ్డు రిపోర్టు చూస్తున్నారు.

ఇంత తంటా కాటి థాండా–లేక్ ఐర్ కోసం. సముద్రమట్టానికి పదిహేను మీటర్లు కిందనుండే ఉప్పు సరస్సు, చాలా ఏళ్లు ఎండిపోయే ఉంటుంది. ఎక్కడో క్వీన్స్‌లాండ్‌లో వరదలొస్తే ఆ నీళ్లు ఎడారిలో పడి వారాల తరబడి నడిచి దీంట్లోకి చేరతాయి. 2025 వరదల తర్వాత వచ్చాయి కూడా. విలియం క్రీక్ నుంచి చిన్న విమానంలో పైనుంచి చూపిస్తారు.

"దిగి ఒకసారి చెయ్యి పెట్టి రావచ్చునా?" అని నాన్న అడిగారు. లేదు నాన్నా, అది అక్కడి ఆదివాసులైన అరబానా వాళ్లకి పవిత్రమైన చోటు, సరస్సులో నడవకూడదు అన్నాను. చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నా. ఒక్క క్షణం ఆగి, "దేవుడి కోనేరు అనుకో. పైనుంచే దండం పెట్టుకుందాం" అన్నారు. ఎందుకో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మారీలో ఆగాలన్నది కూడా ఆయన కోరికే. ఒకప్పుడు బలూచిస్తాన్, పెషావర్, పంజాబ్ వైపు నుంచి వచ్చిన ఒంటెల వాళ్లు అక్కడ ఉండేవారు. ఇక్కడ అందరినీ కలిపి అఫ్ఘాన్లు అనేశారు, అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే ఘాన్ రైలుకి ఆ పేరు అలాగే వచ్చిందంటారు. వాళ్లు కట్టుకున్న మట్టి మసీదు నమూనా ఇప్పటికీ ఉంది.

మధ్యాహ్నం పులిహోర పొడి, శెనక్కాయల పొడి చేసి డబ్బాల్లో పోశాను. సాయంత్రం గ్యారేజీలోకి వెళ్తే నాలుగో నీళ్ల డబ్బా కింద పేపర్ మీద అరచేయంత తడి. మూత విప్పి చూస్తే లోపలి వాషర్ పగిలి ఉంది. నాన్న దాన్ని వేలికి తొడుక్కుని, కొత్తది కొనేటప్పుడు సైజు చూపించడానికి జేబులో వేసుకున్నారు. మిగతా అయిదింటి కింద పేపర్ పొడిగా ఉంది.